రన్‌వే దగ్గర ఇల్లా? రేటింగ్ పక్కన పెట్టి ఎత్తు లెక్క మీరే వేసుకోండి

ఎయిర్‌పోర్ట్ దగ్గర స్థలమో ఫ్లాటో చూస్తున్నవాళ్లు ముందుగా గూగుల్‌లో కొట్టేది ఆ ఎయిర్‌పోర్ట్ సేఫ్టీ రేటింగ్. ఎక్కడో ఐదు నక్షత్రాలు కనిపిస్తాయి, లేదంటే కేటగిరీ 1 అని ఉంటుంది, హమ్మయ్య అనుకుని లోను సంగతి చూసుకోవడంలో పడతారు. కానీ ఆ నక్షత్రాలకీ మీరు కొనబోయే ఐదో అంతస్తుకీ సంబంధమే లేదు. జనం చూసే ఆ రేటింగుల్లో ఏదీ రన్‌వే చుట్టుపక్కల నేలకు మార్కులు వేయదు. అది మనమే చూసుకోవాలి. పెద్ద కష్టమేం కాదు, ఎనిమిదో తరగతి లెక్కలు, ఒక మ్యాపు, ఓ గంట ఓపిక ఉంటే చాలు.

ముందు ఆ రేటింగ్ ఎవరికిచ్చారో చూడండి

స్కైట్రాక్స్ ఇచ్చే నక్షత్రాలు ప్రయాణికుల సౌకర్యానికి. క్యూ ఎంతసేపు, బాత్రూమ్‌లు శుభ్రంగా ఉన్నాయా, సిబ్బంది మర్యాదగా మాట్లాడారా, అంతే. రన్‌వే చివర గోడ ఉందో లేదో వాళ్లు చూడరు, అది వాళ్ల పనీ కాదు.

కేటగిరీ 1, కేటగిరీ 2 అనేవి అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ ఇచ్చేవి, 1992 నుంచి నడుస్తున్నాయి. ఆ మార్కు పడేది ఎయిర్‌పోర్ట్‌కి కాదు, ఒక దేశంలో విమానయానాన్ని పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థకి. 2014 జనవరిలో భారత్‌ని కేటగిరీ 2కి దించి, 2015 ఏప్రిల్‌లో మళ్లీ 1కి ఎక్కించారు. అప్పుడు దించడానికి కారణాల్లో ఒకటి పూర్తికాలం ఇన్‌స్పెక్టర్లు తగినంత మంది లేకపోవడం, అంతేగానీ ఫలానా రన్‌వే బాగాలేదని కాదు. ఐరోపా సమాఖ్య 2006 నుంచి విడుదల చేస్తున్న నిషేధ జాబితా విమాన సంస్థలది. ఇక ఐక్యరాజ్యసమితి అనుబంధ సంస్థ ఐకావో చేసే ఆడిట్ కూడా దేశానికే, కాకపోతే అందులో ఎనిమిది విభాగాలుంటాయి, వాటిలో ఒకటి ఏరోడ్రోమ్‌ల పర్యవేక్షణ. ఆ విభాగంలో దేశానికొచ్చిన శాతం మాత్రం చూడండి, మన విషయానికి కాస్తో కూస్తో దగ్గరగా వచ్చేది అదే.

ఇంకో గందరగోళం ఏంటంటే, మార్కుల్లా కనిపించేవన్నీ మార్కులు కావు. "మాది 4ఈ ఎయిర్‌పోర్ట్ అండీ" అని బ్రోకర్ గొప్పగా చెబుతాడు. అందులో 4 అంటే విమానం ఎగరడానికి 1,800 మీటర్లు గానీ అంతకు మించి గానీ పొడవు కావాలని, ఈ అంటే రెక్కల వెడల్పు 52 నుంచి 65 మీటర్ల లోపు ఉన్న విమానాల వరకూ సరిపోతుందని. అది సైజు, మార్కు కాదు, చొక్కాకి ఎక్స్ఎల్ ఉన్నట్టు. ఫైర్ కేటగిరీ 9 అన్నా అంతే, ఏ సైజు విమానానికి సరిపడా అగ్నిమాపక బండ్లు, నీళ్లు, ఫోమ్ ఉన్నాయో చెప్పే అంకె.

దక్షిణ కొరియా అప్పటికి చాలా ఏళ్లుగా కేటగిరీ 1 దేశం. 2024 డిసెంబరు 29న అక్కడి మువాన్ విమానాశ్రయంలో జేజు ఎయిర్ విమానం చక్రాలు తెరుచుకోకుండానే దిగి, జారుకుంటూ రన్‌వే దాటిపోయి, అవతల ఉన్న మట్టిదిబ్బని గుద్దుకుంది. దిబ్బ మీద ల్యాండింగ్‌కి దారి చూపే యాంటెన్నాలు, దిబ్బ లోపల కాంక్రీటు. 181 మందిలో 179 మంది చనిపోయారు. చక్రాలు ఎందుకు రాలేదన్నది వేరే కథ, కానీ అంత గట్టి కట్టడం అక్కడ ఉందన్న సంగతి ఏ రేటింగులోనూ కనిపించేది కాదు. శాటిలైట్ బొమ్మలో మాత్రం కనిపించేది.

కనబడని కప్పు

ప్రతి రన్‌వే చుట్టూ గాల్లో ఒక కప్పు ఉన్నట్టు ఊహించుకోండి. రన్‌వే దగ్గర నేలకి ఆనుకుని ఉండి, దూరం పోయేకొద్దీ పైకి లేస్తుంది. భవనం ఈ కప్పు కిందే ఉండాలి, చిల్లు పెట్టి పైకి రాకూడదు. ఐకావో అనెక్స్ 14లో ఉన్న లెక్క ఇదే, దేశాలు దాన్ని కొద్దిపాటి తేడాలతో తమ చట్టాల్లో పెట్టుకున్నాయి. ఈ పద్ధతిని ఐకావో ఈమధ్యే కొత్తగా మార్చే పనిలో పడింది కాబట్టి చివరి మాట మీ దేశపు తాజా నిబంధనదే. అయినా కింద చెప్పే అంకెలతో మీ స్థలం ప్రమాదపు అంచున ఉందో, నిశ్చింతగా ఉందో తేలిపోతుంది. ఇవి పెద్ద విమానాలు ఐఎల్ఎస్ (రేడియో సంకేతాలతో దిగే దారి చూపే ఏర్పాటు) సాయంతో దిగే పెద్ద రన్‌వేల అంకెలు, చిన్న రన్‌వేలకి వేరేగా ఉంటాయి.

రన్‌వేకి ఎదురుగా, అంటే విమానం దిగే దారిలో మీ స్థలం ఉందనుకుందాం. దిగేచోట మొదలయ్యే గీతని థ్రెషోల్డ్ అంటారు, రన్‌వే అంచున పియానో మెట్లలా తెల్ల చారలు కనిపిస్తాయే, అది. అక్కడినుంచి 60 మీటర్లు వదిలేస్తే కప్పు మొదలవుతుంది, మొదటి 3 కిలోమీటర్లూ 2 శాతం వాలుతో లేస్తుంది. అంటే 50 మీటర్లు దూరం జరిగితే ఒక్క మీటరు ఎత్తు.

మీ స్థలం థ్రెషోల్డ్ నుంచి 1,060 మీటర్ల దూరంలో ఉందనుకోండి. 60 తీసేస్తే 1,000. అందులో 2 శాతం 20 మీటర్లు. ఓహో, ఆరంతస్తులు వేసుకోవచ్చు అనుకుంటాం. ఆగండి. ఆ 20 మీటర్లు లెక్కించేది థ్రెషోల్డ్ దగ్గరి నేల మట్టం నుంచి, మీ స్థలం నేల నుంచి కాదు. మీ స్థలం రన్‌వే కన్నా 8 మీటర్లు మెరకలో ఉంటే మిగిలింది 12. అందులో డాబా మీద మెట్ల గది, లిఫ్టు గది, వాటర్ ట్యాంకు, పిడుగు కడ్డీ, ఎవడో అద్దెకిచ్చిన సెల్ టవర్ అన్నీ కలిపే లెక్క, ఎందుకంటే భవనం ఎత్తంటే అన్నింటికన్నా పైనున్న కొస ఎత్తు. వాటికి 5 మీటర్లు పోతే 7 మిగులుతుంది. ఆరంతస్తులు కాస్తా రెండంతస్తులైంది. బ్రోషర్‌లో మాత్రం ఐదంతస్తుల బొమ్మే ఉంటుంది.

ఈ కప్పు దూరం పోయేకొద్దీ పక్కలకి కూడా విచ్చుకుంటుంది, ఒక్కో పక్కకి 15 శాతం చొప్పున. అదే 1,060 మీటర్ల దగ్గర మధ్యగీతకి అటు 290, ఇటు 290 మీటర్ల వరకూ దీని కిందకే వస్తుంది. కాబట్టి "మా ప్లాటు రన్‌వేకి సరిగ్గా ఎదురుగా లేదు, ఓ 200 మీటర్లు పక్కకుంది" అంటే తప్పించుకున్నట్టు కాదు.

రన్‌వేకి పక్కగా ఉంటే లెక్క మారుతుంది. మధ్యగీత నుంచి 140 మీటర్ల వరకూ ఏమీ కట్టకూడదు (కొన్ని దేశాల్లో ఇంకా 150 వాడుతున్నారు), అక్కడినుంచి కప్పు గబగబా లేస్తుంది, ప్రతి 7 మీటర్లకి ఒక మీటరు చొప్పున, 45 మీటర్ల దాకా. 350 మీటర్ల దూరంలో ఉంటే 210ని 7తో భాగించండి, 30 మీటర్లు. ఆ తర్వాత 45 మీటర్ల ఎత్తులో సమతలంగా 4 కిలోమీటర్ల దాకా సాగుతుంది. అది దాటాక 5 శాతం వాలుతో మళ్లీ లేస్తుంది, 5 కిలోమీటర్ల దగ్గర 95 మీటర్లు, 6 కిలోమీటర్ల దగ్గర 145. అమెరికాలో ఇదే సమతలం 150 అడుగులు, అంటే దాదాపు అంతే.

ఇంత దూరం వరకూ ఎత్తు నియమం ఉంటుందని చాలామందికి తెలీదు. ఎయిర్‌పోర్ట్ గోడ కనిపించట్లేదు కదా అని ధీమాగా ఉంటారు.

విమానం అంత పైన పోతుంటే నా బిల్డింగ్ ఏం చేసింది?

ఈ ప్రశ్న అడగనివాళ్లు లేరు, న్యాయమైన ప్రశ్నే. విమానం మామూలుగా 3 డిగ్రీల వాలులో దిగుతుంది, థ్రెషోల్డ్ మీదికొచ్చేసరికి 15 మీటర్ల ఎత్తులో ఉంటుంది, కాబట్టి మనం చెప్పుకున్న ఆ 1,060 మీటర్ల దగ్గర దాదాపు 70 మీటర్ల పైన ఎగురుతుంది. కింద కప్పేమో 20 మీటర్లు. మధ్యలో 50 మీటర్లు ఖాళీగా ఉందిగా, ఓ 10 మీటర్లు నేను వాడుకుంటే కొంపలేం మునిగిపోతాయని అనిపిస్తుంది.

ఆ ఖాళీ అంతా బాగా జరగని రోజు కోసం. అదే రన్‌వే మీదనుంచి మీ స్థలం వైపుకి విమానాలు పైకి కూడా లేస్తాయి. రెండింజిన్ల విమానానికి ఎగిరే సమయంలో ఒక ఇంజిన్ ఆగిపోతే, చక్రాలు లోపలికి ముడుచుకున్నాక అది కనీసం 2.4 శాతం వాలుతో ఎక్కగలగాలన్నది నియమం. వంద మీటర్లు ముందుకి పోతే రెండున్నర మీటర్లు కూడా పైకి రాదన్నమాట. అడ్డంకుల లెక్క వేసేటప్పుడు జాగ్రత్త కోసం అందులోంచి ఇంకో 0.8 తీసేసి 1.6గానే పట్టుకుంటారు. ఇప్పుడు ఆ పది మీటర్లు చిన్నవిగా కనిపించవు.

నిజానికి అడ్డమొచ్చిన భవనం వల్ల రోజూ జరిగేది ప్రమాదం కాదు, రన్‌వే కురచైపోవడం. కప్పుని ఓ భవనం 10 మీటర్లు పొడుచుకుని పైకొచ్చిందనుకోండి. వాలు 2 శాతం కాబట్టి, ఆ భవనం మళ్లీ కప్పు కిందికి రావాలంటే లెక్క ప్రకారం కప్పుని 500 మీటర్లు వెనక్కి జరపాలి, అంటే దిగే గీతని రన్‌వే లోపలికి అర కిలోమీటరు జరపాలి. కోట్లు పోసి వేసిన తారు అక్కడే ఉంటుంది, దిగడానికి మాత్రం పనికిరాదు. అలా జరపడం కుదరకపోతే విమానాలు బరువు తగ్గించుకుని ఎగరాలి, సీట్లు ఖాళీగా వదిలేసో, ఇంధనం తగ్గించుకునో. భవనం కట్టింది ఒకడు, దాని బరువు మోసేది ఆ రన్‌వే వాడుకునే ప్రతి విమానం.

హాంకాంగ్‌లో దీనికి తలకిందుల కథ నడిచింది. కాయ్ తాక్ విమానాశ్రయం 1998 జులైలో మూతపడేదాకా కౌలూన్ వైపు భవనాలు దాని కప్పు కింద అణిగిమణిగి ఉన్నాయి. మూతపడ్డాక అక్కడ ఆకాశహర్మ్యాలు లేచాయి.

సముద్ర మట్టం దగ్గర మోసపోకండి

అనుమతి పత్రాల్లో ఎత్తు రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి నేల నుంచి, రెండోది సగటు సముద్ర మట్టం నుంచి. "మీకు 560 మీటర్ల దాకా పర్మిషన్ ఉంది" అని ఎవరైనా అంటే ఉలిక్కిపడకండి, అది సముద్ర మట్టం నుంచి. మీ నేలే 538లో ఉంటే మీ వాటా 22 మీటర్లు. నేల మట్టం ఎవరు కొలిచారు, ఎక్కడినుంచి కొలిచారు అన్నది అడిగి తీరాలి. ఇక్కడ నాలుగు మీటర్లు తక్కువ చూపిస్తే కాగితం మీద ఒక అంతస్తు ఊరికే పుట్టుకొస్తుంది, ఈ కిటుకు కొందరు బిల్డర్లకి బాగానే తెలుసు.

ఫోన్‌లో ఎత్తు చూసుకుని లెక్క వేయకండి. నేనూ మొదట్లో అదే చేశాను, స్థలం రన్‌వే కన్నా ఎంతో పల్లంలో ఉన్నట్టు వచ్చింది, ఎగిరి గంతేశాను కూడా. తర్వాత తెలిసింది, జీపీఎస్ కొలిచేది భూమికి గీసిన ఒక నునుపైన గణిత ఆకారం నుంచి, సముద్ర మట్టం నుంచి కాదు. ఈ రెండింటికీ తేడా కొన్నిచోట్ల పదుల మీటర్లుంటుంది, భారత్‌కి దక్షిణాన సముద్రంలోనైతే 100 మీటర్లు దాటుతుంది. కొన్ని యాప్‌లు సరిచేసి చూపిస్తాయి, కొన్ని చూపించవు. లైసెన్సున్న సర్వేయర్ ఇచ్చిన మట్టమే పట్టుకోండి.

అసలు సమాచారం దొరికే చోటు

ప్రతి దేశమూ పైలట్ల కోసం ఏఐపీ అనే పుస్తకం ప్రచురిస్తుంది. చాలా దేశాల్లో ఇది నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, కానీ మామూలు జనం దాని జోలికే పోరు. దేశం పేరు, పక్కన ఈఏఐపీ అని కొట్టి వెతకండి. అందులో ఏడీ 2 అనే భాగంలో ఒక్కో విమానాశ్రయానికి ఒకే వరుసలో అంకెలుంటాయి. మొత్తం చదవక్కర్లేదు, మూడు పట్టికలు చాలు.

2.10లో అడ్డంకుల జాబితా ఉంటుంది. ఏ టవర్, ఏ భవనం, ఎక్కడ, ఎంత ఎత్తు, లైటు ఉందా లేదా. మీరు చూస్తున్న ప్రాంతంలో ఇప్పటికే పది పేర్లుంటే అక్కడ ఎత్తుల గొడవ పాతదే అని అర్థం. 2.12లో రన్‌వే కొలతలు, రెండు చివర్ల మట్టాలు ఉంటాయి. పై లెక్కకి కావలసిన థ్రెషోల్డ్ మట్టం ఇక్కడే దొరుకుతుంది, రన్‌వే చివర వదిలిన ఖాళీ కూడా ఇక్కడే చూపిస్తారు.

నాకు అన్నింటికన్నా ఇష్టమైనది 2.13. ఇందులో ఒక్కో దిక్కుకి నాలుగు పొడవులుంటాయి, వాటిలో టోరా అంటే పైకి లేవడానికి పరుగెత్తగల పొడవు, ఎల్‌డీఏ అంటే దిగడానికి దొరికే పొడవు. టోరా 3,000 ఉండి ఎల్‌డీఏ 2,600 అని ఉంటే, దిగే గీత 400 మీటర్లు లోపలికి జరిగిందన్నమాట. చాలాసార్లు దానికి కారణం ఆ చివరన ఏదో అడ్డు రావడమే. ఇప్పుడు శాటిలైట్ మ్యాపు తెరిచి ఆ చివరకి వెళ్లండి, పియానో చారలకి ముందు వరసగా తెల్ల బాణాలు కనిపిస్తాయి. బాణాలకి ఎదురుగా బయట ఏముందో చూడండి, గుట్టో, అపార్ట్‌మెంటో, రైలు కట్టో. మీరు కొనబోయే స్థలం ఆ వైపే ఉంటే, అక్కడ కొత్తగా ఎత్తు దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి.

ఎత్తు సరిపోయింది, మరి ఉండొచ్చా?

ఇది పూర్తిగా వేరే ప్రశ్న, ఈ రెండింటినీ కలిపేయడమే అందరూ చేసే పెద్ద తప్పు. ఇప్పటిదాకా చెప్పుకున్న కప్పు విమానాన్ని భవనం నుంచి కాపాడుతుంది. భవనంలో ఉన్నవాళ్లని విమానం నుంచి కాపాడటం దాని పని కాదు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా విమానం లేచిన కొద్ది క్షణాలకే మెడికల్ కాలేజీ హాస్టల్ భవనాల మీద పడినప్పుడు, విమానంలోని 241 మందితో పాటు కింద ఉన్న 19 మంది చనిపోయారు. ఆ భవనాల ఎత్తు దానికి కారణం కాదు, అవి ఆ దారిలో ఉన్నాయి, అంతే.

దీనికోసం కొన్ని దేశాలు రన్‌వే చివర్ల జనం తక్కువగా ఉండాల్సిన ప్రాంతాన్ని వేరుగా గుర్తిస్తాయి. బ్రిటన్‌లో 1958 నుంచి పబ్లిక్ సేఫ్టీ జోన్లున్నాయి. అమెరికాలో రన్‌వే చివర 200 అడుగుల తర్వాత, దూరం పోయేకొద్దీ వెడల్పయ్యే ఒక ఆకారం గీస్తారు, పెద్ద రన్‌వేలకి దాని పొడవు 2,500 అడుగులు, వీలైతే ఆ నేలంతా ఎయిర్‌పోర్టే కొనేసుకోవాలని ఎఫ్ఏఏ కోరుకుంటుంది. మీ దేశంలో అలాంటి నియమం లేకపోతే మీరే మ్యాపు మీద గీసుకోండి. రన్‌వే మధ్యగీతని రెండు వైపులా పొడిగించండి, చివర నుంచి మొదటి ఒకటిన్నర కిలోమీటరులో, ఆ గీతకి దగ్గరగా ఇల్లు కొనద్దని నా సలహా. స్కూలు, హాస్పిటల్, సినిమాహాలు అయితే అసలే వద్దు. నియమం ఏమన్నా అననివ్వండి.

రన్‌వే చివరన గోడ లోపల ఎంత ఖాళీ ఉందో కూడా కొలవండి, మ్యాపులో స్కేలు ఉంటుంది. రన్‌వే చివర నుంచి 60 మీటర్లు స్ట్రిప్, దాని తర్వాత రెసా అనే ఖాళీ నేల కనీసం 90 మీటర్లు ఉండాలి, 240 ఉండటం మంచిదని ఐకావో సిఫార్సు. ఆగలేకపోయిన విమానం ఆ నేలలో ఆగాలన్నమాట. 2007 జులైలో సావో పాలో నడిబొడ్డున ఉన్న కోంగోన్యాస్ విమానాశ్రయంలో అలాంటి చోటు లేదు, తడిసిన రన్‌వే మీద ఆగలేకపోయిన విమానం రోడ్డు దాటి అవతలి భవనాన్ని గుద్దింది, 199 మంది పోయారు. షికాగో మిడ్‌వే విమానాశ్రయంలో 2005లో రోడ్డు మీదికొచ్చిన విమానం కారులో ఉన్న ఆరేళ్ల పిల్లాడి ప్రాణం తీసింది. ఆ తర్వాత అక్కడ రన్‌వే చివర్ల ఈమాస్ పరుపులు వేశారు, చక్రం పడగానే నలిగిపోయి విమానాన్ని పట్టి ఆపే తేలికపాటి సిమెంటు దిమ్మెలవి. జాగా లేనిచోట అది మంచి ఉపాయమే, మీ దగ్గరి రన్‌వే చివర అలాంటి బూడిదరంగు గళ్ల నేల కనిపిస్తే కాస్త టెన్షన్ తగ్గించుకోవచ్చు.

కాగితం చేతికొచ్చాక

బిల్డర్ ఎత్తు అనుమతి చూపించినప్పుడు "ఉందా లేదా" అని కాదు, నాలుగు చూడండి: అక్షాంశ రేఖాంశాలు మీ స్థలానివేనా (పక్క ప్లాటువి కాదు కదా), నేల మట్టం ఎంత రాశారు, పైకొస మట్టం ఎంత ఇచ్చారు, గడువు ఎప్పటిదాకా. అక్షాంశ రేఖాంశాలు మ్యాపులో వేసి చూడటానికి ఒక్క నిమిషం చాలు. క్రేన్‌కి వేరుగా అనుమతి ఉందేమో కూడా అడగండి, భవనం కప్పు కింద ఉన్నా దాన్ని కట్టే క్రేన్ పైకి పొడుచుకొస్తుంది.

మున్సిపాలిటీ ప్లాన్ పాసైంది కాబట్టి విమానాల వాళ్లూ ఒప్పుకున్నట్టే అనుకోకండి. అమెరికాలో శాన్ డియాగోలో 2006లో మాంట్‌గోమరీ ఫీల్డ్ అనే చిన్న విమానాశ్రయం దగ్గర 180 అడుగుల ఆఫీసు భవనం లేచింది. 160 అడుగులు దాటితే ప్రమాదమని ఎఫ్ఏఏ చెప్పినా పని ఆగలేదు, ఎందుకంటే ప్రమాదమని తేల్చే అధికారం దానికుంది గానీ కట్టడం ఆపించే అధికారం లేదు, నగరం ఇచ్చిన పర్మిట్ బిల్డర్ చేతిలో ఉంది. గొడవ కోర్టుకెక్కి, చివరికి 2007లో కట్టిన పైభాగాన్ని కోసి 160కి దించారు.

మీ పక్కనే గీత దాటుతున్న కట్టడం కనిపిస్తే ఫోటో పెట్టి తిట్టడం వల్ల ఒరిగేదేం లేదు. విమానాశ్రయం నిర్వాహకులకీ, దేశపు విమానయాన నియంత్రణ సంస్థకీ, ప్లాన్ పాస్ చేసిన స్థానిక సంస్థకీ ఒకే ఉత్తరం మూడు కాపీలు పంపండి. అందులో ఆవేశం వద్దు, ఆ స్థలం అక్షాంశ రేఖాంశాలు, థ్రెషోల్డ్ నుంచి దూరం, మీ లెక్కలో కప్పు ఎత్తు, ఇప్పటికి ఎన్ని అంతస్తులు లేచాయి, తేదీ వేసిన ఫోటో. శ్లాబు పడకముందే పంపాలి, పడ్డాక కోయించడం ఎంత తతంగమో శాన్ డియాగో వాళ్లకి తెలుసు.